చాలు చెయ్

మా ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక రిమోట్ ఉండేది. మా ఇంటి టీవీది కాదు, ఊళ్ళో ఉన్న టీవీలన్నింటికీ పనిచేసేది. మక్తల్‌లో ఇళ్ళ మీద డిష్‌లు బిగించడం ఆయన పని. ఛానళ్ళు పోయినవాళ్ళకూ, పిల్లలు రిమోట్ విరగ్గొట్టినవాళ్ళకూ ఆయనే దిక్కు. గొర్లు మేకలు కాసే ఇంట్లో పుట్టి, టీవీలైతే మేపే పని ఉండదని ఇందులోకి వచ్చానని అందరికీ చెప్పేవాడు. బస్టాండు దగ్గరి హోటల్లో జనం నోళ్ళు తెరుచుకుని క్రికెట్ చూస్తుంటే, ఈయన చాయ్ తాగుతూ జేబులోంచి రిమోట్ కొస మాత్రం బయటపెట్టి టీవీ బంద్ చేసేవాడు. హోటలాయన టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేసి, వైర్లన్నీ కదిలించి, చివరికి ఈయన దగ్గరికే వచ్చి "జర చూడరాదే" అని బతిమాలేవాడు. ఈయన పెద్దమనిషిలాగా లేచి, టీవీ వెనక ఏదో కెలికినట్టు చేసి మళ్ళీ చాలు చేసేవాడు. ఆ పూట చాయ్ ముఫత్తు.

చాలు చేయడం అన్న మాట మా వైపు కానివాళ్ళకు కొత్తగా ఉండొచ్చు. మోటారైనా బండైనా పిండి గిర్నీ అయినా, మొదలుపెట్టడాన్ని మేము చాలు చేయడం అంటాం. ఆపితే బంద్ చేయడం. పుస్తకాల తెలుగులో చాలు అంటే ఇక వద్దని. ఆ చాలు కూడా మాకుంది. అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటాం. రెండూ ఒకే నోట్లోంచి వస్తాయి, రెండూ ఒకే తీరుగా వినిపిస్తాయి. అయినా పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఈ మాట మీద ఇద్దరు మనుషులకు తకరారు రావడం నేను చూడలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వీధిలో ఇళ్ళు పైకి లేవడం మొదలైంది. పెంకులు పోయి స్లాబులు వచ్చాయి, స్లాబు మీద ఇంకో స్లాబు. మా ఆయనకు పని పెరిగింది, ఎక్కే ఎత్తు కూడా పెరిగింది. కొన్నేళ్ళు బాగానే గడిచింది. ఒక రోజు ఇంకా పిట్టగోడ కట్టని రెండో అంతస్తు మీద డిష్ బిగిస్తుంటే గాలి దుమారం లేచింది. డిష్‌ను వదిలేసి కూర్చుంటే బతికిపోయేవాడు. వదల్లేదు. దాంతో సహా కింద ఇసుక కుప్ప పక్కన పడ్డాడు. ఇసుక మీద పడ్డా వేరేగా ఉండేదేమో. ఆ రెండు మూరల దూరం గురించి నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

మెడ దగ్గర నరం దెబ్బతింది. తల తిప్పగలడు, భుజాలు కాస్త ఎగరేయగలడు, మాట్లాడగలడు. మాట కూడా మునుపటిది కాదు, ఊపిరి చాలక సన్నగా వచ్చేది. మెడ కింద చెయ్యి, కాలు, కడుపు ఏదీ ఆయన మాట వినదు. పాలమూరు దవాఖానలో మమ్మల్ని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి పుండ్లు పడకుండా చూసుకోవడం, గొట్టాలు మార్చడం చెప్పింది. తర్వాత ఇంకో మాట చెప్పింది. "ఈయనకు మెడ కింద చెమట పట్టదమ్మా. మనకు ఉడుకుపోస్తే చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. ఈయనకు ఆ దారి మూసుకుపోయింది. ఎండాకాలం గది వేడెక్కితే ఈయన ఒళ్ళు కూడా గదితో పాటే వేడెక్కుతుంది. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటి ఒక ఎత్తు." మక్తల్ ఎండ గురించి ఆమెకు తెలుసో తెలియదో. మా ఊళ్ళో మే నెలలో స్లాబు కింద ఆరోగ్యంగా ఉన్న మనిషే నిలవలేడు.

మా తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. వాడికి తెలిసినవాళ్ళు తీసేస్తున్న పాత కిటికీ ఏసీ ఒకటి తెచ్చి మంచం ఉన్న గదిలో పెట్టించాడు. బండి చప్పుడు చేసేది కానీ చల్లగా ఉండేది. నేను ఆత్మకూరులో సర్కారు ఆఫీసులో చిన్న ఉద్యోగిని. పొద్దున బస్సెక్కితే సాయంత్రం దిగడం. ఉద్యోగం మానే మాటే లేదు, ఇల్లు దాని మీదే నడవాలి. మా అత్త మేకలను తోలుకుని పొద్దున పోతే పొద్దుమూకి వచ్చేది. మధ్యాహ్నం పక్కింటామె వచ్చి అన్నం తినిపించి, నీళ్ళు తాపి, ఒక పక్కకు తిప్పి పోయేది. బిడ్డ పాలమూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అంటే రోజులో ఎక్కువ భాగం ఆయన ఒక్కడే.

ఆయనకు చావంటే భయం లేదని నేను అనను. కానీ పిలవడం అంటే అంతకంటే రోత. ఒక సాయంత్రం నేను వచ్చేసరికి టీవీలో రంగురాళ్ళు అమ్ముతున్నారు. ఏ రాశికి ఏ రాయి, వేలికి పెట్టుకుంటే ఏం కలిసొస్తుంది అని ఒకాయన ఊదరగొడుతున్నాడు. పక్కింటామె పోతూ పోతూ పెట్టిన ఛానల్ అది. మధ్యాహ్నం నుంచీ అదే చూస్తున్నాడు.

"కిటికీల నుంచి పిలిస్తే ఆమె వచ్చి మార్చకపోవునా?" అన్నాను.

"ఎన్నిటికి పిలువాలె? ఈగ వాలితే పిలువాలె. నీళ్ళ దూపైతే పిలువాలె. మెడ గోకాలంటే పిలువాలె. గీ రాళ్ళోడు నయం, పిలువకుండనే మాట్లాడుతుండు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో తెలియక బ్యాగు విసిరికొట్టి వంటింట్లోకి పోయాను. ఊరందరి టీవీలను జేబులో పెట్టుకుని తిరిగిన మనిషి తన ఇంట్లో టీవీ మార్చుకోలేక రాళ్ళ బేరం వింటూ పడుకున్నాడు.

ఆ సంగతి ఫోన్లో తమ్ముడి ముందు ఏడిస్తే, తర్వాతి సెలవుకు ఒక సంచి పట్టుకుని వచ్చాడు. సంచిలోంచి మాట్లాడే డబ్బా ఒకటి, నల్లగా గుండ్రంగా అరచేతిలో పట్టేది ఇంకొకటి తీశాడు. మాట్లాడే డబ్బా మన మాట వింటుంది, చెబితే ఫోన్ కూడా కలుపుతుంది. నల్లది అన్ని రిమోట్ల పనీ తనే చేస్తుంది. కంటికి కనబడని వెలుగుతో టీవీకీ, ఏసీకీ హుకుం పంపుతుంది. ఇంట్లో ఉన్న ఒక్కో రిమోట్‌ను దానికి ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే, ఆ బటన్ పని అది నేర్చుకుంటుంది. మా ఆయన మొహం చూడాలి ఆ రోజు. మంచం మీద నుంచే మేస్త్రీలాగా పని చేయించాడు.

"గంత దగ్గర పెట్టకు బామ్మర్ది. జానెడు దూరం ఉండాలె. నొక్కి పట్టకు, ఒక్కసారి నొక్కి ఇడువు. దాన్ని అల్మారి మీద పెట్టు, అక్కడికెల్లి ఏసీ, టీవీ రెండూ కనబడ్తయి. ముంగట ఏం అడ్డం పెట్టొద్దని మీ అక్కకు చెప్పు, బట్టలు వేస్తది."

"వేస్త మరి, దండెం నీ నెత్తి మీద కట్టాల్నా?" అన్నాను. బిడ్డ కూడా సెలవులకు వచ్చి ఉంది. అందరం నవ్వాం.

ఏసీ రిమోట్ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వడం ఆపాడు. అది పాతకాలపు రిమోట్. ఒకటే ఎర్ర బటన్. ఏసీ బంద్ ఉన్నప్పుడు నొక్కితే చాలు అవుతుంది, నడుస్తున్నప్పుడు అదే నొక్కితే బంద్ అవుతుంది.

"దీనికి రెండు పనులకు ఒక్కటే బటన్. మరి నీ డబ్బకు ఏసీ నడుస్తుందో లేదో ఎట్ల ఎర్కైతది?" అని అడిగాడు.

"యాదికి పెట్టుకుంటది బావ. తను ఆఖరికి ఏం చేసిందో దానికి యాది ఉంటది. ఆన్ చేసిన అని యాది ఉంటే, మల్ల ఆన్ అంటే నొక్కదు. ఆఫ్ అంటేనే నొక్కుతది."

"యాదికి పెట్టుకుంటది సరే. సూస్తదా?"

"సూడదు బావ. గది దీంతోని కాదు."

ఆయన కాసేపు ఆలోచించి "సరే తీ" అన్నాడు. గది ఫ్యానూ, మాట్లాడే డబ్బా, నల్ల డబ్బా, నెట్ డబ్బా అన్నీ ఇన్వర్టర్ మీద పెట్టారు. ఏసీ బరువు ఇన్వర్టర్ మోయదు కాబట్టి అది కరెంటు మీదే. నా ఫోన్లోనూ బిడ్డ ఫోన్లోనూ కూడా తమ్ముడు ఒక యాప్ వేసి ఇచ్చాడు. ఎక్కడున్నా దాన్ని తెరిస్తే ఏసీ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కనిపిస్తుంది. అక్కడి నుంచే నొక్కొచ్చు కూడా. ఎవరు నొక్కినా డబ్బా గదిలో పైకి చెబుతుంది, మంచం మీది మనిషికి తెలియాలి కదా అని.

ఏసీ పెట్టి అందరం పరీక్ష చూస్తుంటే గది బాగా చల్లబడింది. "చాలు తీ, ఇగ చాలు" అన్నాడు ఆయన. తమ్ముడికి ఆ మాట నచ్చింది. బావ నోటి మాటే ఉండనీ అని, ఏసీ ఆఫ్ కావడానికి చాలు అన్న మాట కూడా పెట్టాడు. ఆన్ కావడానికి బిడ్డ మర్యాదగా "ఏసీ ఆన్ చేయండి" అని పెట్టింది. మర్నాడు పొద్దున ఏసీ నడుస్తుండగానే, డబ్బా తన మాట వింటుందో లేదో చూద్దామని ఆయన అలవాటు కొద్దీ "ఏసీ చాలు చెయ్" అన్నాడు. డబ్బాకు చాలు వరకే చెవికెక్కింది. నడుస్తున్న ఏసీని కాస్తా ఆపి, "ఏసీ ఆఫ్ చేశాను" అంది.

"ఏందే గిది, చాలు చెయ్ అంటే బంద్ చేసింది?"

"గట్ల కాదు నాయిన. ఆన్ చేయండి అను. మంచిగ అను," అంది బిడ్డ.

"మీ అమ్మనే ఎన్నడు అండి అనలే. గీ డబ్బను అండి అనాల్నా?"

"అనాలె. అది చదువుకున్నది."

ఎలాగో నేర్చుకున్నాడు. డబ్బాతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతే మారిపోయేది, కలెక్టరు ముందు నిలబడినవాడిలాగా. "ఏసీ ఆన్ చేయండి." "టీవీ పెట్టండి." "సౌండ్ పెంచండి." నేను కూరలో ఉప్పు గురించో, పక్కింటామె రాని రోజు గురించో గొణుగుతూ ఉంటే నా వైపు చూడకుండా "సౌండ్ పెంచండి" అనేవాడు. నేను తిట్టేకొద్దీ టీవీ అరిచేది. పడిపోయిన తర్వాత ఆయన కడుపు నిండా నవ్వడం నేను అప్పుడే విన్నాను. మా అత్త మేకలను కొట్టంలో తోలి వచ్చి గుమ్మంలో నిలబడి "మల్ల మనిషైండు నా కొడుకు" అంది. నాకూ అలాగే అనిపించింది. డబ్బాకు దిష్టి తీయాలనిపించింది.

మేము ఇంట్లో ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే ఏసీ తనంతట తాను మొదలయ్యేది కాదు. మాలో ఎవరో ఒకరం రిమోట్ అందుకుని ఎర్ర బటన్ నొక్కేవాళ్ళం. దానితో అంతా సరిపోయేది. కాబట్టి అలాంటప్పుడు డబ్బా ఏమనుకుంటోందని మేము ఎన్నడూ అడగలేదు.

ఎండలు ముదిరాయి. ఆ రోజు పొద్దున నేను బస్సుకు పోయేటప్పుడు ఏసీ నడుస్తోంది. మధ్యాహ్నం పక్కింటామె వచ్చి అన్నం తినిపించినప్పుడూ నడుస్తోంది. ఆమె తలుపు దగ్గరగా వేసి పోయింది. నేను ఆఫీసులో అన్నం గిన్నె మూత పెడుతూ ఫోన్ చూసుకున్నాను. ఆన్ అని ఉంది. బయట కాకి కూడా లేదు, అంత ఎండ. సాయంత్రం కాగితాలు సర్దుతూ మళ్ళీ చూశాను. ఆన్ అనే ఉంది. మా ఇంట్లో ఒక్క ఆ గదైనా చల్లగా ఉందని నిమ్మళంగా బస్సెక్కాను. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. వడగాలికి మొహం మాడిపోతుంటే, పోయి ఆయన గదిలో కాసేపు కూర్చోవాలి అనుకున్నాను.

తలుపు తీయగానే మొహానికి వేడి కొట్టింది. ఏసీ చప్పుడు లేదు. పైన ఫ్యాను ఆ వేడినే తిప్పి తిప్పి ఆయన మీద పోస్తోంది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది, పెదవులు ఎండి పగిలాయి. నుదురు ముట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాను, పెనం మీద పెట్టినట్టైంది. చెమట చుక్క లేదు. పిలిస్తే కళ్ళు కదిపాడు. బిందె నీళ్ళు తెచ్చి మీద పోశాను, చీర తడిపి కప్పాను, నెత్తీ నోరూ కొట్టుకుంటూ పక్కింటామెను కేకేశాను. ఎర్ర బటన్ నొక్కితే ఏసీ వెంటనే చాలు అయింది. దానికి ఏ రోగమూ లేదు. చేతిలో ఉన్న ఫోన్ తెరిచి చూశాను. అప్పుడే కాదు, నేను బటన్ నొక్కకముందు నుంచీ అది ఆన్ అనే చూపిస్తోంది. ఆ ఫోన్‌ను నేలకేసి కొట్టాను. అంబులెన్సుకు ఫోన్ చేయాల్సి వచ్చి మళ్ళీ నేనే వెతుక్కున్నాను.

పాలమూరు దవాఖానలో ఐసు గడ్డలు చుట్టూ పేర్చి, సెలైన్లు ఎక్కించి ఒళ్ళు చల్లబరిచారు. బిడ్డ హాస్టల్ నుంచి పరుగెత్తుకు వచ్చింది. మర్నాటికి ఆయనకు తెలివి వచ్చింది, మాట వచ్చింది. బతికాడనుకున్నాను. డాక్టరు మాత్రం లోపల కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అన్న మాట ఎలాంటిదో అక్కడ కూర్చున్నవాళ్ళకు తెలుసు.

బిడ్డ చాయ్ తేవడానికి కిందికి పోయినప్పుడు అడిగాను, ఏమైందని. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు.

"ఆమె అన్నం పెట్టి పోయినంక కరెంటు పోయింది. జర సేపటికి వచ్చింది. ఏసీ ఆన్ చేయండి అన్న. ఏసీ ఇప్పటికే ఆన్‌లో ఉంది అన్నది. బంద్ ఉంది గదనే అన్న. మల్ల ఆన్ చేయండి అన్న. మల్ల గదే మాట. ఎన్నిసార్లు అన్నా గదే మాట."

ఇన్వర్టర్ మీద ఉన్న డబ్బాకు కరెంటు పోయిన సంగతే తెలియదు. తను ఆన్ చేసింది, తనకు యాది ఉంది.

"కోపం లేచింది నాకు. అండీ లేదు బొండీ లేదు, ఏసీ చాలు చెయ్యవే అన్న. ఆఫ్ చేశాను అన్నది. ఏసీ చాలు అయింది." అని నవ్వబోయి దగ్గాడు. "గప్పుడు సమజ్ అయింది. అది బంద్ చేద్దామని నొక్కింది. బంద్ ఉన్నదాన్ని నొక్కితే చాలు కాదా? ఒక్కటే బటన్ గద."

"అప్పుడన్న నాకు ఫోన్ చెయ్యమని డబ్బకు చెప్పకపోయినవా?"

"ఎందుకు? చాలు అయింది గద. నా పని నేను చేసుకున్న. నిన్నెందుకు పిలువాలె?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో హోటల్లో టీవీ బంద్ చేసినప్పటి కళే ఉంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మరి మల్ల ఎట్ల బంద్ అయింది?"

"సల్లగుండెవరకు కన్ను మూతవడ్డది. అది మల్ల మాట్లాడింది. ఏసీ ఆన్ చేశాను అన్నది. ఏసీ బంద్ అయింది. నేను నోరు తెరువనే లేదు."

"మరెవరన్నరు?"

"ఎవ్వరు అనలే. ఫోన్ల నొక్కిన్రు."

నా వైపు చూశాడు. నేను నొక్కలేదని చెప్పబోయాను. చెప్పక్కర్లేదు. యాప్ ఉన్నది రెండే ఫోన్లలో. మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నడుస్తున్న ఏసీని ఆ యాప్ ఆఫ్ అని చూపిస్తే, హాస్టల్లో కూర్చుని చూసిన పిల్ల ఏం చేస్తుంది? ఆన్ నొక్కుతుంది. నేను చూసినా అదే నొక్కేదాన్ని.

"మల్ల చాలు చెయ్ అన్న. అరిచి అరిచి అప్పటికే గొంతు పోయింది. నాకే ఇనబడలే," అన్నాడు. తర్వాత "బిడ్డకు చెప్పకు," అన్నాడు.

"చెప్ప."

"మీ తమ్మునికి కూడ చెప్పు. వాడు చూస్తే ఎర్కపడ్తది. నోరెత్తొద్దను."

బిడ్డ చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది. మంచం మీద కూర్చుని తండ్రి నుదుటి మీద చెయ్యి పెట్టింది. "నాయిన, నిన్న మధ్యాహ్నం చదువుకుంట ఉంటే ఎందుకో మనసుల పడ్డది. యాప్ తీసి చూస్తే ఏసీ ఆఫ్ అని ఉంది. వెంటనే ఆన్ చేసిన. మరి మల్ల ఎట్ల బంద్ అయింది?"

ఆయన తడుముకోలేదు.

"నువ్వే చేసినవా బిడ్డ? గదే అనుకున్న, ఎవరు చేసిన్రా అని. నువ్వు చేసినంక మస్తు సల్లగుండె. నిద్రపోయిన. మల్ల కరెంటు పోయినట్టుంది, నాకు ఎర్క లేదు."

పిల్ల ఆయన చెంపకు చెంప ఆనించి ఏడ్చింది. ఆయన తల మాత్రం కదపగలడు కాబట్టి తలతోనే దాని తలను నెమ్మదిగా రాశాడు. మా ఆయన నాతో ఎన్నో అబద్ధాలు చెప్పాడు, చాయ్ దగ్గర, సిగరెట్ దగ్గర. అవన్నీ నేను పట్టుకున్నాను. ఈ ఒక్క అబద్ధం మాత్రం నేను కూడా నమ్మేంత బాగా చెప్పాడు.

తర్వాత ఎక్కువ రోజులు లేడు. కిడ్నీలు, ఊపిరి, ఒకదాని వెనక ఒకటి. శవాన్ని మక్తల్ తెచ్చాం. మా అత్త మేకలను కొట్టంలోనే ఉంచి, వాటికి మేత కూడా వేయకుండా కొడుకు పక్కన కూర్చుంది. అవి అరుస్తూనే ఉన్నాయి.

తమ్ముడు వచ్చినవాడు తిన్నగా గదిలోకి పోయి అల్మారా మీది నల్ల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. ఫోన్లో ఏదో చూశాడు. ఆయన చెప్పినట్టే వాడికి ఎర్కపడింది. మొహం పాలిపోయింది. బిడ్డ అక్కడే ఉంది. వాడు దాని వైపు చూసి నోరు తెరవబోతుంటే రెక్క పట్టుకుని వెనక దొడ్లోకి ఈడ్చుకుపోయాను.

"అక్క, దానికి ఒక కన్ను పెట్టాల్సింది. ఏసీ కరెంటు గుంజుతుందా లేదా చూసేది వస్తది, చిన్నదే. అది పెడితే..."

"ఇప్పుడు చెప్తవురా? ఆ రోజు మీ బావ అడగలే, సూస్తదా అని?" అన్నాను. గట్టిగా అరవలేక పళ్ళ బిగువున అన్నాను. అంత కోపం నాకు జన్మలో రాలేదు. వాడి మీద, డబ్బా మీద, కరెంటు మీద, ఆకాశంలో ఉన్న ఆ ఎండ మీద. వాడు గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. వాడు ప్రేమతో చేసిన పని అది. నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు జాలి పడలేకపోయాను. "దాని ముంగట ఒక్క మాట వచ్చిందంటే నీకు అక్క లేదు," అన్నాను. వాడు తలూపాడు. ఇప్పటిదాకా మాట నిలబెట్టుకున్నాడు. కానీ మేనకోడలు ఎదురుపడితే కళ్ళు ఎత్తి చూడడు. మామకు నేనంటే ఎందుకు పడతలేదని అది నన్ను అడుగుతుంది.

దినాల నాడు చుట్టాలందరిలో బిడ్డ ఆ మాట చెప్పింది. హాస్టల్ నుంచే నాయినకు ఏసీ ఆన్ చేసిన, ఆఖరికి ఆ ఒక్క పనన్నా చేయగలిగిన అని. ముసలమ్మలు దాని తల నిమిరారు. ఎక్కడున్నా తండ్రిని కనిపెట్టుకుని ఉన్నదని మెచ్చుకున్నారు. నేను విస్తళ్ళు తీస్తూ అన్నీ విన్నాను. అయినా మొహం చెదరనివ్వలేదు. తర్వాత ఎవరు పలకరించడానికి వచ్చినా అది ఆ మాట చెబుతుంది. చెప్పినప్పుడల్లా దాని గొంతు కాస్త కుదుటపడుతుంది. దానికి మిగిలింది అదొక్కటే. దాన్ని నేనెలా లాక్కుంటాను?

మా బిడ్డది మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియం. తెలుగులో బస్సు బోర్డు చదువుతుంది, పెళ్ళి కార్డు చదువుతుంది. ఒక పేజీ చదవమంటే తల నొప్పంటుంది. ఆ విషయంలో దాన్ని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. ఇప్పుడు తిట్టడం మానేశాను. మొన్న సెలవుకు వచ్చినప్పుడు నేను వరండాలో కూర్చుని ఇవి రాస్తుంటే వెనక నుంచి మెడ చుట్టూ చేతులు వేసి తొంగి చూసింది.

"ఏం రాస్తున్నవమ్మ? నాయిన గురించా?"

"ఆఁ బిడ్డ."

కాసేపు అక్షరాల వంక చూసి, అందులోంచి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికి, వదిలేసింది.

"నేను ఏసీ ఆన్ చేసింది కూడ రాసినవా?"

"రాసిన బిడ్డ," అన్నాను.